లీల తలూపింది

మరమగ్గాలను సిరిసిల్లలో సాంచాలంటారు. వాటి చప్పుడు మధ్య నూలు కండెలు చుట్టీ చుట్టీ లీల తల నెరిసింది, చెవులు మందగించాయి. కార్ఖానాలో ఎవరి మాటా వినబడదు. పెదవులు చూసి తెలుసుకోవాల్సిందే. అది కూడా అందకపోతే తలూపుతారు. సరేనని కాదు, నువ్వు పిలిచింది చూశానని. అదో మర్యాద. ఆ మర్యాదే లీల కొంప ముంచింది.

భర్త దేవదాస్ పోయి ఏడాది తిరగకముందే మరిది జనార్దన్ ఆ ఇల్లు తనకు కావాలన్నాడు. ఇల్లేమో దేవదాస్ కట్టింది. జనార్దన్ పెద్దమనుషులను కూర్చోబెట్టి, వాళ్ల వైపు ముఖం పెట్టి, "ఇల్లు నాకిడిసిపెడ్తవా వదినా?" అన్నాడు. వెనక నిలబడ్డ లీల తలూపింది. ఇంకేముంది! వదిన అందరి ముందూ ఒప్పుకుందని కోర్టుకెక్కాడు ఆ మహానుభావుడు.

వకీలును పెట్టుకునే తాహతు లీలకెక్కడిది? పక్కింటి రేణుక ఆమెను వెంటబెట్టుకుని జగిత్యాల బస్సెక్కింది. అక్కడ నలుగురు వకీళ్లు కలిసి నడిపే ఆఫీసు ఒకటుంది. దిక్కులేనివాళ్ల కేసులు ఫీజు లేకుండా వాదించాలన్నది వాళ్లు పెట్టుకున్న కట్టుబాటు. లీల కేసు సంధ్యారాణి చేతికొచ్చింది. ఊరికే వచ్చే వకీలు ఊరికే నిలబడిపోతుందేమోనని లీలకు లోపల అనుమానమే.

సంధ్యారాణి ఫైలులోంచి తలెత్తకుండా, "కొట్లాడుదామా అక్కా?" అంది. లీల తలూపింది. "పోనీ, ఇల్లు ఇడిసిపెడుదామా?" లీల దానికీ తలూపింది. సంధ్యారాణి బిత్తరపోయింది.

మరుసటి వారం ఆ వకీలమ్మ సిరిసిల్ల వచ్చి కార్ఖానాలో ఓ మూలన నిలబడింది. నల్లకోటు నిండా దూది నూగు. పిలిస్తే ఒకరి తర్వాత ఒకరు తలూపడం మధ్యాహ్నం దాకా చూసింది. లీల కండె సంగతే మరిచి ఆమెనే చూస్తూ ఉండిపోయింది. తోడబుట్టినవాళ్లే కార్ఖానా గడప దగ్గర చెయ్యూపి వెళ్లిపోయేవాళ్లు. ఆ మోతలోకి తనకోసం ఇంతవరకు ఎవరూ రాలేదు.

"నాకోసమే అచ్చినవా మేడం?"

"నీ కేసు నాది గదా అక్కా," అంది సంధ్యారాణి, పెదవులు కనబడేలా ఆమెకు ఎదురుగా నిలబడి.

కోర్టులో సంధ్యారాణి జడ్జిగారి అనుమతి అడిగి, లీలకు వీపు చూపి, "లీలక్కా, జడ్జిగారి కుర్చీ నీదేనా?" అంది. లీల వినయంగా తలూపింది. అందరూ గొల్లుమన్నారు. జనార్దన్ ఒక్కడే నవ్వలేదు. సంధ్యారాణి కార్ఖానా మర్యాద గురించి చెప్పింది.

జడ్జిగారు లీలను దగ్గరికి పిలిపించారు. అంత పెద్దమనిషి కళ్లజోడు తీసి, ముందుకు వంగి, ఒక్కో మాటా విడదీసి అడిగారు. "ఇల్లు వదిలి పోతావా అమ్మా?"

ఈసారి లీల తల కదల్లేదు. ఇన్నేళ్లూ సాంచాల మోతలో అణిగిన గొంతు ఒక్కసారి లేచింది.

"పోను సార్! గా ఇల్లు మా ఆయన కట్టిండు. నేను పోను!"

వరండాలో ఉన్నవాళ్లు కూడా ఉలిక్కిపడి తొంగిచూశారు. జడ్జిగారు తలూపి, దావా కొట్టేస్తున్నట్టు చెప్పారు. ఆ మాటలు లీలకు వినబడలేదు. తలూపడం మాత్రం కనబడింది. బయటికి రాగానే లీల సంధ్యారాణి కొంగు పట్టుకుంది.

"గా సారు ఒప్పుకున్నడా, ఉత్తగ తలూపిండా?"

"ఒప్పుకున్నడు. ఇల్లు నీదే అక్కా."

లీల ఆ పెదవుల వంక చూస్తూనే ఉంది. తలూపలేదు. వకీలమ్మ రెండు చేతులూ పట్టుకుని బావురుమంది.