లక్క ముద్ర వేసిన క్యాసెట్టు

మొన్న వకీలైన మా కోడలు తన కక్షిదారు ఫోనులోని మాటలను క్షణంలో కంప్యూటర్‌లోకి ఎక్కించుకుని, ఫోను తిరిగి ఇచ్చేస్తుంటే, పక్కనే పేపరు చదువుతున్న నాకు ఒళ్లు జలదరించింది. చలిగా ఉందని ఆమెతో అబద్ధమాడాను గానీ, నాకు గుర్తొచ్చింది ఎనభైల నాటి ఒక క్యాసెట్టు.

అప్పట్లో నేను సూర్యాపేటలో మా మేనమామ దగ్గర జూనియర్ వకీలుని. మాకు వరసకు అక్క అయ్యే మునగాల ఆవిడ ఒకరోజు ఆ క్యాసెట్టును కొంగులో చుట్టి తెచ్చింది. హైవే పక్కనున్న వాళ్ల పొలం మీద ఒక కాంట్రాక్టరు కన్ను పడింది. అతను ఇంటికొచ్చినప్పుడు, పాటలు వింటున్న బావ ఎందుకైనా మంచిదని ఆ క్యాసెట్టు మీదే రికార్డు మీట నొక్కి ఉంచాడట. పొలం ఇవ్వకపోతే నీ పీనుగ వాడపల్లి కాడ తేలుతదని కాంట్రాక్టరు నింపాదిగా చెప్పడం అందులో స్పష్టంగా వినిపించింది. కొద్ది రోజులకే, మూసీ కృష్ణలో కలిసే ఆ చోటే, బావ శవం తేలింది. పోలీసులు పట్టించుకోలేదు, అక్కకు ఆ క్యాసెట్టు తప్ప వేరే సాక్ష్యం లేదు.

"పైలం తమ్మీ, గందుల మీ బావ గొంతున్నది," అని జాగ్రత్త చెప్పి నా చేతిలో పెట్టింది.

నకలు తీయిద్దామంటే మామయ్య కస్సుమన్నాడు. అసలుదాన్ని ముట్టుకుంటే మనమే కల్పించామంటారని ఆయన భయం. నెత్తుటి కత్తినైనా, కర్రనైనా పోలీసులు కోర్టుకు ఎలా అప్పగించేవారో మా వయసు వకీళ్లకు గుర్తుండే ఉంటుంది. ఆయనా అలాగే తెల్లగుడ్డలో చుట్టి, ముడి మీద లక్క కరిగించి ధారాళంగా పోసి, పూజ చేసినంత శ్రద్ధగా ముద్ర కొట్టాడు.

ఆనాటి నుంచి కాంట్రాక్టరు మా ఆఫీసు ఎదుటి హోటల్లో వచ్చి కూర్చునేవాడు. గొడవేమీ చేసేవాడు కాదు, మేం బయటికొస్తే లేచి నమస్కారం పెట్టేవాడు. ఆ నమస్కారం తప్పించుకోవడానికి నేను వెనక సందులోంచి వెళ్లేవాణ్ణి. అక్క బస్సులో ఒంటరిగా రావడం మానేసింది.

విచారణ నాడు గుడ్డ విప్పితే, లక్క వేడికి క్యాసెట్టు డొప్ప వంగిపోయి ఉంది, కరిగిన లక్క గుడ్డలోంచి దిగి చక్రాల సందుల్లో గడ్డకట్టింది. అయినా జడ్జిగారు టేపురికార్డరులో పెట్టి వినిపించమన్నారు. ముందు పాట ముక్క వచ్చింది. తర్వాత బావ గొంతు, "కూసో అన్నా, చాయ తాగి పోదువు," అంది. అంతే, టేపు కిర్రుమని సాగి తెగిపోయింది. అతికించి వినిపిస్తామంటే, అతికిన టేపును నమ్మేదెలాగని ఎదుటి వకీలు లేచాడు, కోర్టు ఆయన మాటే విన్నది. కాంట్రాక్టరు భుజం మీది తువ్వాలు సర్దుకున్నాడు. అక్క మాత్రం ఏడవలేదు, ఆగిపోయిన మిషను వంక చూస్తూ నిలబడింది. కేసు కొట్టేశారు. మామయ్య ఆ తర్వాత లక్క ముట్టుకోలేదు.

ఇప్పుడు ఎన్ని నకళ్లు కావాలంటే అన్ని తీసుకోవచ్చు, మా కోడలి చేతిలో ఒక్క మాట కూడా పోదు. అది చూసి సంతోషిస్తాను, ఆ వెంటనే అక్క గుర్తొస్తుంది. ఆ పొలంలో ఇప్పుడొక దాబా ఉంది. కోదాడ వెళ్లే బస్సు అక్కడ చాయకు ఆగితే నేను దిగను. ఎవరింట్లోనైనా వచ్చిన మనిషిని ప్రేమగా 'కూసో అన్నా' అంటే, నేను ముందు ఆ వచ్చినవాడి ముఖం చూస్తాను.