దుర్భిణి అని చెప్పమన్నారు

ఉదయగిరిలో వ్యాను దిగేసరికి ఉదయం ఎనిమిదిన్నర. డెబ్బైల చివర, ఒక మే నెల. ఆత్మకూరు నుంచి ఎనిమిది మంది హోంగార్డులం వచ్చాం. అందులో ఆడవాళ్ళం ఇద్దరం. ఖాకీ చీర, కాన్వాసు బూట్లు, లాఠీ, నీళ్ళసీసా. నాకప్పటికి అక్షరం రాదు. వేలిముద్ర వేసి చేరినదాన్ని.

కొండ కింద గులకరాళ్ళ నేల మీద రెండు గుడారాలు, వాటి ముందు మూడు కాళ్ళ మీద నిలబెట్టిన ఒక మిషను. తొమ్మిదింటికి మా హవల్దారు వరసలో నిలబెట్టి ఆర్డరు చెప్పాడు.

"సర్వే పార్టీకి కాపలా. పదిహేను రోజులు. కూలీలు పారిపోయినారు, ఎత్తు కొలిచే అంకెల కర్ర కూడా మీరే పట్టుకోవాల. ఊళ్ళో వాళ్ళు ఆ మిషను ఏందని అడిగితే దుర్భిణి అని చెప్పండి. లెవెల్ అనే మాట ఒక్కరి నోట్లో నుంచి రాకూడదు."

కారణం అందరికీ తెలుసు. కొన్నాళ్ళ ముందు అవతలి పల్లెలో నేల ఎత్తుపల్లాలు కొలిచే లెవెల్ మిషను దింపితే ఆడవాళ్ళు చీపుర్లు పట్టుకుని అడ్డం పడుకున్నారు. మా వైపు లెవెల్ వచ్చిందంటే రిజర్వాయరు వచ్చిందని, ఊరు మునుగుతుందని అర్థం. ఆ పల్లెకు పెద్దాఫీసరు రావలసి వచ్చింది. వేరే చోట ఇళ్ళ స్థలాలు రాసిచ్చాకే వాళ్ళు సర్వే రాయి పాతనిచ్చారు.

నేను సర్వేయరునే అడిగాను.

"ఇది రిజర్వాయరు పనేనా సార్?"

"కాదు మే. రోడ్డు పని. ఆ మాట వింటే జనం బెదిరిపోతన్నారు, అందుకే."

జీపు డ్రైవరు సాయిబు పక్కనే టైరుకు గాలి కొడుతున్నాడు. దుర్భిణి అంటే ఏందన్నా అన్నాను. "మా ఉర్దూ మాటేలే అమ్మా. దూర్ అంటే దూరం. బీన్ అంటే చూసేది" అన్నాడు. తలెత్తలేదు. ఎందుకెత్తలేదో అప్పుడు ఆలోచించలేదు.

పదకొండో రోజు సర్వే మా అమ్మ ఉండే ఊరికి చేరింది. కొండకు తూర్పున, వాగు పక్కన పదహారు ఇళ్ళు. ఉదయం ఏడున్నరకే ఎండ చురుక్కుమంటోంది. జనం దారికి అడ్డంగా నిలబడ్డారు. ముందు మా అమ్మ.

"ఆ మూడు కాళ్ళది ఏంది మే? లెవెలు కాదు గదా?"

"కాదమ్మా. దుర్భిణి. దూరం చూసేది. రోడ్డు వేస్తారంట."

"నువ్వు చెప్తే సరే" అని పక్కకు జరిగింది. ఆమె జరిగితే ఊరు జరిగింది.

అంకెల కర్ర మా ఇంటి గోడకు ఆనించి పట్టుకున్నాను. వంద గజాల దూరంలో సర్వేయరు మిషనుకు కన్ను పెట్టాడు. కర్ర మీద వేలు పెట్టమన్నాడు. చెయ్యి ఊపాడు. పైకి. ఇంకా పైకి. నా వేలు గుమ్మం పైచెక్క దాటింది. ఆపు అన్నాడు. నా వేలు ఆగిన చోట ఎర్రరంగుతో గీత గీశారు.

అమ్మ నడుం మీద చేతులు పెట్టుకుని చూసింది.

"ఏం సారూ, రోడ్డు నా గుమ్మం మీద పోతాదా? బస్సు వచ్చినప్పుడు చెప్పండి, వంగి బయటికొస్తాను."

అందరూ నవ్వారు. సర్వేయరూ నవ్వాడు. నేనూ నవ్వాను. ఆ నవ్వుకు నన్ను నేను ఈనాటికీ క్షమించుకోలేదు.

పదిహేనో రోజు సాయంత్రం నాలుగింటికి గుడారాలు విప్పాం. నన్ను సామానుతో పాటు జీపు ఎక్కించారు. ఊరు దాటాక సాయిబు గొంతు తగ్గించి చెప్పాడు.

"ఆ ఎర్రగీత, నీళ్ళు నిలబడే గీతమ్మా."

"నీకు ముందే తెలుసునా?"

"తెలుసు. నాకూ ఆర్డరే."

ముందు సీట్లో కునుకుతున్న సర్వేయరు భుజం పట్టుకుని ఊపాను. అతను తిరిగి చూసి, ఓపికగా, చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పాడు: "అబద్ధం ఏముండాది దీంట్లో? లెవెల్లో ఉండేది దుర్భిణే గదా."

"మరి రోడ్డు?"

అతను మళ్ళీ ముందుకు తిరిగాడు. ఆత్మకూరులో దిగేసరికి ఆరున్నర. ఖాకీ చీర మడిచి హవల్దారు బల్ల మీద పెట్టేశాను. మర్నాడు మొదటి బస్సుకు అమ్మ దగ్గరికి పోయి అంతా చెప్పాను. ఆమె తిట్టలేదు. "నువ్వు దుర్భిణి అంటివే" అంది, అంతే. ఊరంతా కలిసి ఆఫీసుకు పోతే, మీ పల్లెలో ఎవరూ అడ్డు చెప్పలేదని కాగితం చూపించారు. స్థలాలు రాలేదు. మూడో వానాకాలానికి నీళ్ళొచ్చాయి.

నలభై దాటాక వయోజన విద్య బడిలో చదువు నేర్చుకున్నాను. టీచరమ్మ నిఘంటువు చేతికిస్తే నేను వెతికిన మొదటి మాట దుర్భిణి. దూరంగా ఉన్నవాటిని దగ్గరగా చూపే సాధనం అని ఉంది. అర్థం సరిగ్గానే ఉంది. ఆ మాటతో ఒక ఊరిని ఎలా ముంచవచ్చో అందులో లేదు.

ఒక్కటి మాత్రం ఎవరికీ చెప్పలేదు. ఆ పదకొండో రోజు మధ్యాహ్నం భోజనాల వేళ, ఎవరూ లేనప్పుడు, ఆ మిషనులో నేనూ కన్ను పెట్టాను. ఆ అద్దంలో అంతా తలకిందులుగా కనిపిస్తుందని నాకు తెలియదు. ఇంటి కప్పు కింద ఉంది, నేల పైన ఉంది. మా అమ్మ తల మీద మజ్జిగ కుండతో, పాదాలు పైకి, తల కిందికి, మా వైపు నడిచి వస్తోంది. పార్టీ అందరికీ సరిపడా తెస్తోంది. కుండలో నుంచి ఒక్క చుక్క కూడా కారలేదు.