న్యూ హాంప్‌షైర్‌లో నేను మార్చిన ఓటు

పోయిన శనివారం నేనేం చేసొచ్చానో మా ఆయన ఇప్పటికే మా ఊరు పార్సిప్పనీలో సగం మందికి చెప్పేశారు. ఆయన చెప్పే కథలో నేను ఒట్టి తిక్కమనిషిని. అందుకని అసలు జరిగింది నా నోటితో నేనే చెప్తాను, మీరే తీర్పు చెప్పండి. నవ్వొద్దు మాత్రం. నాకింకా కోపం తగ్గలేదు, కాలి వేళ్ళ తిమ్మిరి కూడా తగ్గలేదు.

ముందు కోపం ఎందుకో చెప్పాలి. నాకు సిటిజన్‌షిప్ వచ్చింది పోయిన వేసవిలో, ఈ దేశానికొచ్చిన పదమూడేళ్ళకి. హెచ్ వన్, గ్రీన్ కార్డు కోసం పడిగాపులు, ఇచ్చిన వేలిముద్రలే మళ్ళీ ఇవ్వడం, ఇవన్నీ మీకు కొత్తగా చెప్పక్కర్లేదు. చెయ్యెత్తి ప్రమాణం చేసి బయటికొచ్చిన రోజే ఓటుకి రిజిస్టర్ చేసుకున్నాను. ఆ తర్వాత డిబేట్లన్నీ చూశాను. చూస్తూ నోట్స్ రాసుకున్నాను. మందుల కంపెనీ ల్యాబ్‌లో రిపోర్టులు చెక్ చేసే ఉద్యోగం కదా, ఆ అలవాటు ఎక్కడికి పోతుంది? చివరికి ఒక కాండిడేట్‌ని ఎంచుకున్నాను. నా జీవితంలో మొదటి అమెరికన్ ఓటు ఆయనకి వేయాలి, అదొక్కటే నా కోరిక.

తీరా కనుక్కుంటే, ప్రెసిడెంట్ పోటీకి పార్టీ తరఫున ఎవరు నిలబడాలో తేల్చే ప్రైమరీ మా న్యూజెర్సీలో జూన్‌లోనట. అయోవా వాళ్ళకి జనవరి, న్యూ హాంప్‌షైర్ వాళ్ళకి జనవరి, మనకి జూన్. "అప్పటికి అంతా అయిపోతుంది సుజాతా, ఒక్కడే మిగులుతాడు, వాడికే వేయాలి" అన్నాడు ఆఫీసులో నా పక్క సీటు ఆయన, అదేదో మామూలు విషయమైనట్టు. ఒళ్ళు మండిపోయింది నాకు. పెళ్ళిలో ఆఖరి బంతికి కూర్చోబెట్టి, కూరలన్నీ అయిపోయాయి, మజ్జిగ పోయమంటారా అని అడిగినట్టు లేదూ?

పైగా అయోవాలో చేసేది మనకి తెలిసిన ఓటు కూడా కాదు. స్కూల్ జిమ్‌లో పోగై, ఈ కాండిడేట్ వాళ్ళు ఈ మూలకి, ఆ కాండిడేట్ వాళ్ళు ఆ మూలకి వెళ్ళి నిలబడతారు. అలా నిలబడి మా కాండిడేట్‌ని మూడోస్థానానికి తోసేశారు. న్యూ హాంప్‌షైర్‌లో కూడా ఓడిపోతే ఈయన తప్పుకోవాల్సిందేనని ప్రతి చానల్‌లోనూ ఒకటే గోల.

"నీకెందుకంత ఆవేశం? జూన్‌లో చూసుకుందాంలే" అన్నారు మా ఆయన.

"జూన్ దాకా ఆయన ఉంటే కదండీ?"

"ఉండకపోతే మిగిలినాయనకి వేద్దువుగాని."

ఆ మాటతో అరికాలి మంట నెత్తికెక్కింది. వెంటనే మా కాండిడేట్ ఆఫీసుకి ఫోన్ చేసి వాలంటీర్‌గా పేరిచ్చాను. శనివారం పొద్దున్నే డబ్బా నిండా పులిహోర చేసి, ఫ్లాస్కులో టీ పోసి, మా ఆయన్ని డ్రైవింగ్ సీట్లో కూర్చోబెట్టాను. న్యూ హాంప్‌షైర్‌కి ఐదు గంటలు డ్రైవ్ చేశారు పాపం. అక్కడ ప్రచారం ఆఫీసులో ఒకావిడ మా చేతిలో పన్నెండు ఇళ్ళ లిస్టు పెట్టింది. ఎవరితోనూ వాదించకండి, వాళ్ళు చెప్పేది వినండి, చాలు అంది. సరే అన్నాను. నిజంగానే సరే అనుకునే అన్నాను.

మొదటి ఏడిళ్ళలో ముగ్గురు తలుపే తీయలేదు. మిగతావాళ్ళ మాటలు వింటుంటే నాకు బీపీ పెరిగింది. ఒకాయన మా కాండిడేట్‌తో కలిసి పాన్‌కేకులు తిన్నాడట, అయినా నచ్చలేదట. ఇంకొకావిడకి నచ్చాడట కానీ చెయ్యి గట్టిగా పట్టుకుని ఊపలేదట. మనకేమో వాళ్ళని టీవీలో చూడటమే గొప్ప.

ఎనిమిదో ఇల్లు క్యారల్ అనే ఆవిడది. డెబ్బై ఏళ్ళుంటాయి, ఒక్కతే ఉంటుంది. లిస్టులో ఆవిడ పేరు పక్కన ఇంకా తేల్చుకోలేదు అని రాసుంది. నన్ను దింపేసి మా ఆయన గ్యాస్ కొట్టించుకొస్తానని వెళ్ళారు. నా ఫోన్ కార్లోనే ఉండిపోయింది.

క్యారల్ తలుపు తీసింది. లోపల చెక్క ఫ్లోర్ అద్దంలా మెరుస్తోంది. నా బూట్లకేమో మంచు, రోడ్డు మీద చల్లిన ఉప్పు. "పరవాలేదు, వేసుకునే వచ్చెయ్" అందావిడ. వినొచ్చు కదా? వినను. బూట్లేసుకుని ఒకరింట్లోకి ఎలా వెళ్తాం? గుమ్మం పక్కన పెట్టినా వాటి నీళ్ళు ఆవిడ ఫ్లోర్ మీదకే కారతాయి. అందుకని బయట, మెట్ల వారన నీటుగా విప్పి పెట్టి, సాక్సులతో లోపలికెళ్ళాను.

"కాఫీ తాగుతావా?" అంది.

"అబ్బే, వద్దండీ" అన్నాను, మొదటిసారి అడిగినప్పుడు మనం ఎలా అంటామో అలా. రెండోసారి అడిగితే సరే, కొంచెం అనాలని నా ఉద్దేశం. ఆవిడ రెండోసారి అడగలేదు. తన కప్పు తను తెచ్చుకుని నా ఎదురుగా కూర్చుని తాగుతోంది. పదమూడేళ్ళయినా ఈ ఒక్కటీ నాకు అలవాటు కాలేదు.

అక్కడికీ ఓపిగ్గానే మొదలుపెట్టాను. మా కాండిడేట్ గురించి ఏమనుకుంటున్నారని అడిగాను. ఆయన్ని రెండుసార్లు కలిశానంది. ఒకసారి లైబ్రరీలో, ఒకసారి ఈ సోఫాలోనే, ఇప్పుడు నేను కూర్చున్న చోటే. మిగతా వాళ్ళందర్నీ కూడా కలిసిందట. "సోమవారం మళ్ళీ వస్తున్నారు. ఇంకోసారి విని అప్పుడు చూద్దాం. తొందరేముంది?" అని ఒక గుక్క తాగి, "మేం ఇలా జాగ్రత్తగా ఏరిపెడితే మిగతా దేశానికి పని తేలికవుతుంది కదా" అంది.

అంతే. నా నోరు నా మాట వినలేదు.

"ఏమిటండీ ఇది? నేను పెళ్ళిచీర కొనడానికి కూడా ఇంతసేపు తీసుకోలేదు" అన్నాను, మా పెద్దమ్మ మీద ఎగిరినట్టు. "మా న్యూజెర్సీ టర్న్‌పైక్ రోడ్డు మీద ఒక్క ట్రాఫిక్ జామ్‌లో ఉన్నంత మంది ఉండరు మీరు. మా అందరికీ మీరు ఏరిపెట్టడమేంటి? మీకెవరిచ్చారు ఈ హక్కు?"

"చట్టం ఉంది. ప్రైమరీల్లో మా రాష్ట్రమే ముందు వేయాలని మా చట్టంలోనే రాసుంది" అంది నెమ్మదిగా.

"చట్టం మీరే రాసుకున్నారు కదా. మాకు రాసుకోవడం రాదా?" ఇక్కడ ఆగొచ్చు. ఆగలేదు. "పదమూడేళ్ళు ఆగానండీ ఈ ఓటు కోసం. మీరు సోఫాలో కూర్చుని చూద్దాం, చూద్దాం అంటుంటే నేను వేసే రోజుకి నాకేం మిగులుతుంది? మీకిది కాలక్షేపం. నాకు కాదు."

క్యారల్ కప్పు కింద పెట్టి ఏదో చెప్పబోయింది. నేను వినే స్థితిలో లేను. లేచి, విసురుగా వెళ్ళి, తలుపు ధడాలున వేసి బయటికొచ్చాను. అంత గొప్పగా ఏ ఇంట్లోంచీ బయటికి రాలేదు నేను ఇంతవరకూ.

చూస్తే బూట్లు లేవు.

నేను లోపల అరుస్తున్నంతసేపూ అరవై దాటిన ఒకాయన ఆవిడ మెట్లమీద మంచు పారతో ఎత్తి పక్కకి పోస్తున్నాడు. బూట్లున్న చోట మోకాలెత్తు గుట్ట లేచింది. ఆయన కోటుకి ఎదుటి కాండిడేట్ బిళ్ళ. నేను తడిసిన సాక్సులతో, కోపంతో, చలితో వణుకుతూ నిలబడ్డాను. కారు లేదు, ఫోన్ లేదు. ఎగిరి బయటికొచ్చిన గుమ్మానికే తిరిగి బెల్ కొట్టాల్సొచ్చింది. అంత అవమానం నాకు డ్రైవింగ్ టెస్టు మూడుసార్లు ఫెయిలైనప్పుడు కూడా జరగలేదు.

క్యారల్ తలుపు తీసి నా కాళ్ళ వంక చూసింది. చెయ్యి పట్టి లోపలికి లాగి, హీటర్ పక్కన కూర్చోబెట్టి, టవల్ ఇచ్చి, పోయిన భర్తగారి ఊలు సాక్సులు తెచ్చి ఇచ్చింది. ఈసారి అడక్కుండానే కాఫీ చేతిలో పెట్టింది. ఆ పెద్దాయన, పేరు వాల్ట్, గుట్ట తవ్వి తవ్వి బూట్లు బయటికి తీశాడు. రెండిటి నిండా మంచే. అవి ఆరేదాకా నాకు కదిలే దారి లేదు.

వాల్ట్ కూడా లోపలికొచ్చాడు. గుమ్మం దగ్గరే బూట్లు విప్పి పాత పేపర్ మీద పెట్టాడు. అలా కూడా చేయొచ్చని నాకెందుకు తట్టలేదో మరి. ఏ ఊరని అడిగితే న్యూజెర్సీ అన్నాడు. వాళ్ళ ఊరు మనకి అరగంట దూరమే.

"మరి జూన్ సంగతి మీకు కోపం రాలేదా?" అన్నాను.

"వచ్చింది. అందుకే నెలరోజులుగా ఇక్కడే ఉండి ఓటర్ల మెట్లమీద మంచు ఎత్తుతున్నాను" అన్నాడు.

అంతకుమించి రాజకీయం ఒక్క ముక్క మాట్లాడలేదు ఆ మహానుభావుడు. ఆవిడ మోకాలి నొప్పి ఎలా ఉందని అడిగాడు. వెనకవైపు మెట్లు కూడా శుభ్రం చేశానన్నాడు. నేను ఆవిడ భర్తగారి సాక్సుల్లో కూర్చుని అదంతా చూస్తున్నాను. నా కళ్ళముందే ఒక ఓటు నడుచుకుంటూ అటు వెళ్ళిపోతోంది, ఆపడానికి నోరు తెరిచే ముఖం నాకు లేదు.

బూట్లు తొడుక్కుంటుంటే క్యారల్ నా భుజం మీద చెయ్యేసింది. "నువ్వు చెప్పిందాంట్లో న్యాయముందమ్మా. నిజం చెప్పాలంటే పొద్దుటిదాకా మీ కాండిడేట్‌కే వేద్దామనుకున్నాను. ఇందాక ఆ మాటే చెప్పబోతుంటే నువ్వు లేచి వెళ్ళిపోయావు" అంది. తర్వాత వాల్ట్ వైపు చూసి నవ్వి, "ఇప్పుడు ఈయన కాండిడేట్‌కే వేస్తాను. మా చెల్లెళ్ళిద్దరూ నేనెవరికంటే వాళ్ళకే వేస్తారు" అంది.

కారెక్కాక మా ఆయనకి మొత్తం చెప్పాను. "నువ్వు పులిహోర తింటూ ఉండు" అని లిస్టు తీసుకుని మిగతా నాలుగిళ్ళకీ ఆయనే వెళ్ళారు. ఆయనకి మా కాండిడేట్ పేరు కూడా సరిగ్గా పలకడం రాదు. అయినా ఇద్దరు ఒప్పుకున్నారట.

మొన్న మంగళవారం మా కాండిడేట్ ఓడిపోయాడు. నిన్న తప్పుకున్నాడు. జూన్‌లో నేను వేయడానికి ఆయన ఉండడు.

నాకు ఒళ్ళు మండేది ఇప్పుడు అయోవా మీద కాదు. న్యూజెర్సీ వాళ్ళకి ఈ ప్రైమరీల్లో ఏ పవరూ లేదని ఆరు నెలలుగా అరుస్తున్నాను కదా, అది శుద్ధ తప్పు. నాకొక్కదానికే మూడు ఓట్ల పవరుంది. మూడూ నేనే దగ్గరుండి అవతలివాళ్ళకి వేయించి వచ్చాను.