తాడు కొసన ఖాళీ చోటు

దయ్యాలంటే నాకు భయమూ లేదు, నమ్మకమూ లేదు. మా అమ్మ గుమ్మానికి బూడిద గుమ్మడికాయ కడుతుంటే "ఎందుకే, కాపలాకి కుక్క చాలదా?" అని ఏడిపించేవాణ్ణి. పాతికేళ్లకి పైగా జెట్ విమానాలు నడిపినవాణ్ణి. మా పనిలో చేతిలో ఉన్న చెక్‌లిస్టు, కళ్లెదురుగా ఉన్న మీటరు ముల్లు, ఈ రెండే దేవుళ్లు. అందుకే ఈ సంగతి ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు. చెబితే ముందు నా బుర్రకి పరీక్షలు చేయించేవాళ్లు.

మొదట ఒక పాత తప్పు ఒప్పుకోవాలి. అది లేకుండా మిగతాది అర్థం కాదు.

డెబ్బైల మొదట్లో మా నాన్న అరకు దగ్గర ఒక కొండ ఊళ్లో ఆశ్రమ పాఠశాల మాస్టారు. నేను విజయనగరంలో డిగ్రీ చదువుతూ సెలవులకి అక్కడికి వెళ్లేవాణ్ణి. ఆ ఊళ్లో సుక్రు అని ఒకాయన ఉండేవాడు. నలభై దాటిన మనిషి. అడ్డపొగ తాగేవాడు, అంటే చుట్టని నిప్పు వైపు నోట్లో పెట్టుకునేవాడు. నేను "మావా" అనేవాణ్ణి, ఆయన నన్ను "మాస్టారి బాబూ" అనేవాడు.

అక్కడ ఎవరింటికి దూలం కావాలన్నా కొండ మీద చెట్టు కొట్టి, అడ్డనారతో, అంటే అడ్డాకు తీగ నారతో, పేనిన తాడు కట్టి, ఊరంతా కలిసి లాగుతారు. ఆ తాడు కొసన ఒక మనిషి పట్టుకునేంత చోటు ఖాళీగా వదిలేస్తారు. అది చనిపోయిన పెద్దల చోటు. రెండుసార్లు లాగాక అందరూ ఒక ఊపిరి ఆగుతారు. ఆ ఊపిరిలో పెద్దలు వచ్చి తాడు పట్టుకుంటారని వాళ్ల నమ్మకం. అప్పుడు మూడో లాగు.

ఒకరోజు పొద్దున్న బడి పాకకి దూలం దించుతున్నారు. నేనూ పాంటు మడిచి తయారయ్యాను. వరసలో సందు లేదు. కొసన మాత్రం ఖాళీ ఉంది. అది ఎవరి చోటో నాకు తెలుసు. తెలిసే, ఇదంతా చాదస్తమని వెళ్లి పట్టుకున్నాను. రెండు లాగులయ్యాక అందరూ ఆగారు. నేను ఆగలేదు. వయసు పొగరంతా చూపించి ఒక్క గుంజు గుంజాను.

వాలులో నిలిచిన దుంగ పక్కకి తిరిగింది. వెనక కర్రతో దాన్ని ఆనించి పట్టుకున్న సుక్రు మావ కాలి మీదికి దొర్లింది. ఎముక విరిగిన చప్పుడు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది.

ఎలా జరిగిందని మా నాన్న అడిగితే, సుక్రు మావ పళ్లు బిగపట్టి, "నా కర్ర జారిపోనాది మాస్టారూ" అన్నాడు. ఒక్కసారి నావైపు చూశాడు. నేను నోరు విప్పలేదు. రెండ్రోజులకే కాలేజీ తెరిచారని అబద్ధం చెప్పి వచ్చేశాను. తర్వాత నాన్నకి బదిలీ అయింది. సుక్రు మావ కాలు వంకరగా అతుక్కుందని ఎవరో చెప్పారు. చూడ్డానికి వెళ్లలేదు. ఏ మొహం పెట్టుకుని వెళ్లను?

ఎనభైల మధ్యలో ఒక గురువారం, పూర్వాహ్నం. నేను కో-పైలట్‌ని. మా జెట్ విశాఖలో దిగాలి. వెనక తొంభై మందికి పైగా ప్రయాణికులు. కిందికి దిగడం మొదలుపెట్టాక ఒక హైడ్రాలిక్ సిస్టం ముల్లు వణికి, సున్నాకి పడిపోయింది. ఆయిల్ ఎక్కడో కారిపోయింది. చక్రాలు దించడం, ఫ్లాపులు, ముందు చక్రం తిప్పడం, బ్రేకుల్లో కొన్ని, ఇవన్నీ ఆ ఆయిల్ ఒత్తిడి మీదే నడుస్తాయి. రెండో సిస్టం బాగానే ఉంది కాబట్టి విమానం మా అదుపులోనే ఉంది.

ఇలాంటప్పుడు ఎవరూ కేకలు వెయ్యరు. మా కెప్టెన్ కాకినాడ వైపు పెద్దాయన. విమానం తన చేతుల్లోకి తీసుకుని, "చెక్‌లిస్టు చదవవయ్యా, తొందరేం లేదు" అన్నాడు. సముద్రం వైపు మబ్బు పట్టి ఉండటంతో టవర్ మమ్మల్ని కొండల వైపు చుట్లు కొట్టమంది. కిందికి చూస్తే వలిసె పూల పసుపు, టైడా నుంచి పైకెక్కే రైలు పట్టా. నేను వదిలేసి పారిపోయిన ఊరు సరిగ్గా మా రెక్క కింద ఉంది.

ఫ్లాపులు కరెంటు మోటారుతో దించాం. చక్రాలు చేత్తో దించాలి. నా సీటు వెనక నేలలో ఒక మూత, దాని కింద మూడు పిడులు, ఒక్కో దానికీ ఒక ఉక్కు కేబుల్. పిడి లాగితే కొక్కెం ఊడి, చక్రం తన బరువుతో తనే దిగుతుంది. ముందు చక్రం దిగింది. ఎడమది దిగింది. రెండు పచ్చదీపాలు వెలిగాయి.

మూడో పిడి రాలేదు. రెండు చేతులతో, కాలు తన్నిపెట్టి లాగాను. ఒక చుట్టు, రెండు చుట్లు, మూడు చుట్లు. కుడి చక్రం లేకుండా దిగితే రెక్క నేలకి రాసుకుని ఏమవుతుందో మా ఇద్దరికీ తెలుసు. నాకు నిజంగా చావు భయం వేసింది.

నాలుగో చుట్టులో మళ్లీ రెండుసార్లు లాగాక, ఎందుకో తెలీదు, రెండు లాగులయ్యాయి కదా, ఇక ఆగాలి అనిపించింది. ఎడమచెయ్యి తీసేశాను. పిడిలో సగం ఖాళీగా వదిలాను. ఒక ఊపిరి ఆగాను.

తడిసిన అడ్డనార వాసన వచ్చింది. దానితోపాటే చుట్ట వాసన, నా చెవి పక్కనే. నేనింకా లాగలేదు. పిడి నా కుడిచేతిని తనతోపాటు పైకి లాక్కుంటూ వచ్చింది.

మూడో దీపం వెలిగింది. దిగాం. ముందు చక్రం పక్కలకి తిరగదు కాబట్టి రన్‌వే మీదే ఆగిపోయాం. ప్రయాణికులు మెట్ల మీదుగా నడిచి వెళ్లిపోయారు, ఒకాయన ఆలస్యమైందని విసుక్కుంటూ. ఆ సాయంత్రం ఇంజనీరు నన్ను పిలిచాడు. కుడి కేబుల్ కప్పీలోంచి జారి ఇరుక్కుపోయి ఉందట. ఇద్దరు మెకానిక్కులు కలిసి లాగినా కదల్లేదట. ఎంతమంది లాగారని అడిగాడు. ఒక్కణ్ణేనని చెబితే అదోలా చూశాడు.

మూడు వారాల తర్వాత సెలవు పెట్టి ఆ ఊరు వెళ్లాను. సుక్రు మావ లేడు. కిందటి వానాకాలం మలేరియాతో పోయాడని ఆయన కొడుకు బుద్రు చెప్పాడు. కొత్త ఇంటి ముందు కూర్చోబెట్టి అంబలి ఇచ్చాడు. విమానం సంగతి నేనింకా ఎత్తలేదు. ఇల్లు బాగుందన్నాను, మాట కోసం.

"ఈ దూలం మా సెడ్డ ఏడిపించినాది బాబూ. ఊరంతా పట్టినా కదలనేదు. తాడు కొసన ఎవులూ నేరు. కొత్తగా పోయినోలే ముందు రావాల. మా అయ్య రానేదు. ఎక్కడికెల్లిపోనాడో, వస్తాడులే, కూకోండి అన్నాను. కూకున్నాం."

ఎప్పుడని అడిగాను. మూడు వారాల కిందట, సంతకి ముందు రోజన్నాడు. వాళ్ల సంత శుక్రవారం. అంటే ఆ గురువారమే. ఆ పూట ఒక పెద్ద విమానం కొండ మీద నాలుగు చుట్లు తిరిగి సముద్రం వైపు పోయిందనీ, అది పోయాక తాడు పడితే మూడో లాగుకే దుంగ కదిలిందనీ చెప్పాడు. నా లాగ్‌బుక్కులో కూడా నాలుగు చుట్లే ఉన్నాయి.

విమానం చూడ్డానికి మీరే ఆగి ఉంటారన్నాను.

"నేదు బాబూ. ముందు దుంగ ఆగినాది. ఇమానం తరవాతొచ్చినాది."

అప్పుడు అంతా చెప్పాను. విమానం సంగతీ, బడి దూలం దించిన రోజు కొసన తాడు పట్టింది నేనేనన్న సంగతీ. కర్ర జారలేదని చెబుతూ ఏడ్చేశాను. బుద్రు తలెత్తి ఆ దూలం వైపు చూశాడు. కోప్పడలేదు.

"అయితే నీ కాడికొచ్చాడన్న మాట," అన్నాడు.

ఇరుక్కున్న కేబుల్ ఎలా వచ్చిందో రేపు ఏ ఇంజనీరైనా లెక్కకట్టి చెప్పొచ్చు. వాసనలు భయం వల్ల పుట్టాయని డాక్టరు చెప్పొచ్చు. కాదనను. కానీ ఆ పొద్దున్న ఆయన కొడుకు ఇంటికి దూలం లాగుతున్నారు. అది వదిలేసి, తన కాలు విరగ్గొట్టి నోరు మూసుకున్నవాడి కోసం సుక్రు మావ ఎందుకొచ్చాడో నాకు ఇప్పటికీ తెలీదు.