ఆయన మనకేమవుతారు?

ఇవాళ ఇంటికి సున్నం వేయించాం. గోడల మీది పటాలన్నీ దింపి చాప మీద పరిస్తే, మావాడు వాటి చుట్టూ తిరుగుతూ వెంకటేశ్వరుణ్ణీ సరస్వతినీ సముద్రం దాటుతున్న హనుమంతుణ్ణీ పేరుపేరునా పలకరించి, మెడ వరకూ గుండీలు పెట్టిన కోటులో కూర్చున్న నల్లాయన దగ్గర ఆగిపోయాడు. "అమ్మా, ఈయన మనకేమవుతారు?" అన్నాడు. అద్దానికి అంటిన పాత కుంకుమ తుడుస్తూ, పొద్దున్న చెప్తాలే అన్నాను. ఇప్పుడు వాడు నిద్రపోతున్నాడు. ఎడమ చెయ్యి దోమతెర కింద నుంచి బయటికి వచ్చింది. దీపం వెలుగులో జబ్బ మీద టీకా మచ్చ కనిపిస్తోంది. పక్క గదిలో మావగారు సున్నం వాసనకి దగ్గుతున్నారు. రెండు పంక్తులు రాయడం, లేచి వెళ్ళి వాడి నుదురు తాకి చూడడం, మళ్ళీ వచ్చి కూర్చోవడం, నా రాత్రులు ఇలాగే గడుస్తాయి. వాడికి ఒంట్లో బాగానే ఉంది. అయినా తాకి చూస్తాను. ఆ అలవాటు నాకు ఒక ఎండాకాలం మొదట్లో పట్టుకుంది.

అప్పుడు మావగారు శాసనసభ మెంబరు. రంగూను రేవులో సరుకులు రాసుకునే గుమాస్తాగా మొదలుపెట్టి, మన కూలీల అర్జీలు రాసిపెట్టీ రాసిపెట్టీ పేరు తెచ్చుకుని సభకు ఎన్నికయ్యారు. తమాషా ఏమిటంటే, ఆయనకు ఓటు వేసినవాళ్ళు దుకాణదారులు. తెల్లవారకుండానే సంచౌంగ్‌లోని మా ఇంటి వరండా నిండా కూర్చునే రేవు కూలీలకు అసలు ఓటే లేదు. సేక్కాన్‌లో వాళ్ళుండే లైను ఇళ్ళ ముందు కుళాయి వేయించారని వాళ్ళు ఆయన్ని కుళాయి బాబు అనేవారు. సభలో అడగబోయే ప్రశ్నలు ఆయన ముందు ఇంట్లో అప్పజెప్పేవారు. నేను మద్రాసులో కాలేజీ చదువు చదివినదాన్ని కనుక, నన్ను సభాధ్యక్షుడి స్థానంలో పీట మీద కూర్చోబెట్టి, తల వంచి ఇంగ్లీషులో మొదలుపెట్టేవారు. కోడలికి తల వంచే మావగారు ఈ ఊళ్ళో ఇంకొకరు ఉండరు. ఒళ్ళో పసివాడు ఏడిస్తే ప్రతిపక్షం అడ్డు తగులుతోందని గొంతు ఇంకా పెంచేవారు. అత్తగారు లేరు. మావారు ఉద్యోగరీత్యా నెలలో సగం రోజులు ఎగువ ఊళ్ళలో ఉండేవారు. వినడానికి నేనూ ప్రతిపక్షమే మిగిలేవాళ్ళం.

ఆ పటం సంగతి. మావగారు గుమాస్తాగా ఉన్న రోజుల్లో అమెరికా నుంచి వచ్చిన ఓడలో బొగ్గు వేసే నల్లవాడొకడు జ్వరం పడి ఇక్కడ దిగిపోయాడు. మావగారు అతనికి గంజి పట్టుకెళ్ళేవారు. కోలుకుని వెళ్ళేటప్పుడు అతను తన పెట్టెలోంచి తాత ఫొటో తీసి ఇచ్చాడు. ఆ తాత బానిసగా పుట్టి, బానిసత్వం పోయాక ముప్ఫై దాటిన వయసులో అక్షరాలు నేర్చుకుని, తనవాళ్ళ ఓట్లతో వాళ్ళ రాష్ట్రపు శాసనసభలో కూర్చున్నాడట. కొన్నేళ్ళకే తనవాళ్ళకు ఓటు లేకుండా చేశారట. ఆ ఫొటో ఏళ్ళ తరబడి ట్రంకు పెట్టెలో ఉంది. మావగారు తను సభకు వెళ్ళిన రోజున దానికి చట్రం కట్టించి వరండాలో తగిలించారు.

మనవాళ్ళలో గోడకెక్కిన మనిషి పోయినవాడే, పోయినవాడికి బొట్టు పెట్టాలి. అందుకని మర్నాటికల్లా ఆయన నుదుట కుంకుమ, మెడలో చేమంతి దండ వచ్చి చేరాయి. మావగారు కూడా మంచి నలుపు. "తమరి తాతగారి పోలికే బాబూ, ముక్కొకటే తేడా కొట్టినాది" అనేవారు కూలీలు. ఆయన వాళ్ళని దిద్దలేదు. ఏటా చలి తగ్గే రోజుల్లో ఒక ఆదివారం వాళ్ళందరినీ కూర్చోబెట్టి నల్లవాళ్ళ కథ చెప్పేవారు. ఒకసారి ఓడ అడుగున వాళ్ళని ఎలా పేర్చి తీసుకెళ్ళారో చెబుతుంటే, చిమిండైంగ్‌లో బియ్యం మిల్లులో ఊడ్చే ముసలమ్మ ఒకామె, మేమంతా మిల్లు మామ్మ అనేవాళ్ళం, "మన డెక్కు మీద నాగేనా బాబూ?" అని అడిగింది. "కాదు మామ్మా. మనం ఎక్కాం. వాళ్ళని ఎక్కించారు" అన్నారు మావగారు. "మమ్మల్ని ఎవులు ఎక్కించేరో తమరికేటి తెల్సు" అంది మామ్మ. ఆ జవాబు ఆయన్ని ఎంత కుదిపిందంటే, తర్వాత సభలో ఓడల మీద అడిగిన ప్రశ్న మొత్తం మార్చి రాయించారు నాచేత.

ఆ ఏడు ఎండలు తొందరగా ముదిరాయి. మావాడికి అప్పటికి ఏడాది నిండలేదు. పాలు ఇమడక, విరేచనాలు పట్టుకుని, చేతిలో బరువే తెలియనట్టు అయిపోయాడు. టీకా వేయించాలని డాక్టరు దగ్గరికి తీసుకెళితే, కాస్త బలం పట్టాక చూద్దామన్నాడు. ఒకనాడు పొద్దున్న వరండా తుడవడానికి వెళ్ళిన నేను పటం ముందు నిలబడిపోయాను. దండ వెనక, చట్రం సందులో, లేత వేపరెమ్మ ఉంది.

మన ఇళ్ళలో పెరిగిన ఆడదానికి ఆ రెమ్మ అర్థం ఎవరూ చెప్పనక్కర్లేదు. ఎవరింట్లోనో అమ్మవారు పోసింది. బయటికి తెలిస్తే బండి వచ్చి మనిషిని అంటురోగాల ఆసుపత్రికి తీసుకుపోతుందని దాచారు. దాచి, ఎవరో ఒకరు పటంలోని పెద్దాయనకి మొక్కుకున్నారు. ముందురోజు అక్కడ కూర్చున్నవాళ్ళందరినీ ఒక్కొక్కరినీ గుర్తు చేసుకున్నాను. మిల్లు మామ్మ దగ్గర నా ఆలోచన ఆగింది. మామ్మ మావాణ్ణి ఒళ్ళోకి తీసుకుంది. బుగ్గలు నిమిరి, దిష్టి తీసి, తన పమిట చెంగుతో వాడి మూతి తుడిచింది.

మావగారు గడ్డం గీసుకుంటున్నారు. రెమ్మ సంగతీ మామ్మ మీద నా అనుమానమూ చెప్పాను. "గేటు మూయించండి మావయ్యగారూ" అన్నాను, ఏడవకుండా చెప్పాలని పళ్ళు బిగబట్టి. ఆయన అద్దంలోంచే నన్ను చూశారు. "మూస్తే జబ్బు ఆగదమ్మా. మనకు చెప్పడం ఆగిపోతుంది" అని, సగం నురుగు మొహంతోనే తువ్వాలు తీసుకుని బయల్దేరారు. మామ్మ గదిలో, చీర తెర వెనక, ఎనిమిదేళ్ళ మనవరాలు ఒళ్ళంతా పొక్కులతో పడుకుని ఉందట. మావగారు పిల్లని ఆసుపత్రికి పంపించారు. తనే రోజూ వెళ్ళి చూసి కబురు తెస్తానని మామ్మకు మాట ఇచ్చారు. మామ్మ ఆయన మొహం చూడలేదట. నేను డాక్టరు దగ్గరికి పరుగెత్తాను. ఈ నీరసంలో టీకా వేసినా భయమే, అంటుకుని ఉంటే వేయకపోయినా భయమే, మీరే ఆలోచించుకోండి అన్నాడాయన. అన్నేళ్ళ చదువు ఆ పూట నాకు ఒక్క మాట కూడా చెప్పలేదు.

నల్లవాళ్ళ ఆదివారం ఆ వారంలోనే వచ్చింది. లైన్లకి టీకాలవాళ్ళు వెళితే జనం తలుపులు వేసుకుంటున్నారని, మావగారు టీకాలాయన్ని మా వరండాకే రప్పించారు. నెరిసిన జుట్టు ముడివేసుకున్న బర్మా పెద్దమనిషి. వైద్యుల్నీ పంతుళ్ళనీ ఇక్కడ సయా అంటారు కనుక ఆయన మా అందరికీ సయా. ఒక మూల ముక్కాలిపీట మీద చిన్న దీపం, సన్నని కత్తి పెట్టుకుని కూర్చున్నాడు. జనం ఆయనకు దూరంగా, పటానికి దగ్గరగా కూర్చున్నారు. మామ్మ లోపలికి రాలేదు. మెట్ల కింద ఎండలో విడిగా నిలబడింది. నేను బిడ్డను భుజాన వేసుకుని గుమ్మం చాటున ఉన్నాను.

మావగారు ఆ రోజు ఓడల కథ చెప్పలేదు. "ఈ టీకా గీత తెల్లవాళ్ళ విద్య అనుకుంటున్నారు కదా. అమెరికాలో మశూచి లేచినప్పుడు, ఆఫ్రికా నుంచి తెచ్చిన బానిస ఒకడు యజమానితో చెప్పాడు, మా దేశంలో చేతిమీద చిన్న గాటు పెట్టి ఆ పొక్కు నీరే కాస్త ఎక్కిస్తారు, నాకూ ఎక్కించారు, నాకిక రాదు అని. అతని మాట విన్నవాళ్ళలో చాలామంది బతికారు. తర్వాతే అది మారి ఈ టీకా అయింది" అన్నారు.

"ఆడికేటిచ్చినారు మరి?" అంది మామ్మ కింద నుంచి.

"ఏమీ ఇవ్వలేదు. అతని సొంత పేరేమిటో కూడా ఎవరూ రాసుకోలేదు."

"అయితే మనోడే" అన్నాడు ఎవరో వెనక నుంచి. అందరూ నవ్వారు. మావగారు ఆ నవ్వు చల్లారకుండానే చొక్కా చెయ్యి పైకి మడిచి సయా ముందు కూర్చున్నారు.

"ముసిలి సెయ్యి, దానికేటవుద్ది!" అంది మామ్మ. ఈసారి ఎవరూ నవ్వలేదు. "నా గుంటని బండెక్కించీసినారు. ఇప్పుడు ఈల సేతులు గీస్తామంటన్నారు. కతలు బాగున్నాయి బాబూ. తమరి మనవడి సేతిమీద ఏదీ గీత?"

అందరి తలలూ గుమ్మం వైపు తిరిగాయి. మావగారి తల ఒక్కటే తిరగలేదు. ఆయన పిలిచి ఉంటే కాదనేదాన్నేమో. తన చేతిమీది గీతను చూసుకుంటూ కూర్చున్నారు. లోపలికి వెళ్ళి తలుపు వేసుకోవచ్చు. వేసుకుంటే ఈ చేతులేవీ ముందుకు రావు. వీడి చెయ్యి చాపితే, ఈ పసివాడు తట్టుకోలేకపోతే, నా చేతులతో నేనే ఇచ్చినదాన్నవుతాను. మామ్మ వైపు చూశాను. ఆమె కళ్ళలో ఎగతాళి ఉంటుందనుకున్నాను. లేదు. ఆసుపత్రి గేటు దగ్గర నిలబడ్డ మనిషి చూపు అది. నాదీ అదే చూపు. నడిచాను. ధైర్యం వచ్చి కాదు. ఒకవైపున్న భయం రెండోవైపుకి ఒరిగింది, అంతే.

"మచౌక్నె" అన్నాడు సయా. భయపడొద్దని. బిడ్డతో అన్నాడో నాతో అన్నాడో. కత్తి తాకగానే వాడు నీరసంగా ఏడ్చాడు, ఆ మాత్రం ఏడుపుకి కూడా శక్తి లేనివాడిలా. నేను తల పైకెత్తితే పటంలో ఆయన కోటు గుండీలు కనిపించాయి. వాటినే చూస్తూ కూర్చున్నాను. తిరిగి చూసేసరికి నా వెనక ఒక కూలీ చొక్కా విప్పుకుని నిలబడి ఉన్నాడు. అతని వెనక ఇంకొకడు.

తర్వాతి రోజులు నేను ఎవరికీ చెప్పుకోలేదు. వాడికి జ్వరం వచ్చింది. టీకా జ్వరమో, అమ్మవారో తెలియదు. దీపం పట్టుకుని ఒళ్ళంతా వెతికేదాన్ని. దోమ కుట్టిన దద్దురు కనిపించినా దీపం ఇంకా దగ్గరికి జరిపేదాన్ని. మామ్మ రోజూ మిల్లుకి వెళుతూ గేటు అవతలే ఆగి, "కోడలమ్మా, గుంటడు ఎలాగున్నాడు?" అని కేకేసేది. "పాలు తాగాడు మామ్మా. నీ గుంట ఎలాగుంది?" అని నేను ఇవతల నుంచి అరిచేదాన్ని. "బాబు సూసొచ్చి సెప్పినారు. కళ్ళు తెరిసిందట." మా ఇద్దరి మధ్యా గేటు అలాగే ఉండేది. ఇద్దరం దాన్ని తాకేవాళ్ళం కాదు. చివరికి జబ్బ మీది గాటు ఒక్కటే పొంగి, పగిలి, ఎండి రాలింది. ఒళ్ళు శుభ్రంగా మిగిలింది. మామ్మ మనవరాలూ తిరిగి వచ్చింది, మొహం నిండా గుంటలతో. మామ్మ దాని చెయ్యి పట్టుకుని వచ్చి, ఆ రోజే మొదటిసారి మళ్ళీ మెట్లెక్కి, పటానికి కుంకుమ పెట్టి, మావగారితో ఒక్క మాటా మాట్లాడకుండా వెళ్ళిపోయింది. మర్నాడు మాత్రం మిల్లులో గాలి ఆడదని, కిటికీ పెట్టించమని అర్జీ పట్టుకొచ్చింది.

తర్వాతి ఎన్నికల్లో మావగారు ఓడిపోయారు. ఆయన వరండా కూలీలదే కానీ తమది కాదని దుకాణదారులకు అనిపించింది. కుళాయి మాత్రం ఇంకా నడుస్తోంది.

సున్నం రేపటికి ఆరుతుంది. పటం మళ్ళీ ఎక్కడిదక్కడ తగిలించాలి. మావాడు లేవగానే అడుగుతాడు, ఆయన మనకేమవుతారని. తాత తాత అని చెప్పనా, చుట్టం కాదని చెప్పనా, నీ జబ్బ మీది మచ్చ చూసుకో అని చెప్పనా, ఇంకా తేల్చుకోలేదు. ఇప్పుడే మళ్ళీ లేచి వెళ్ళి చూశాను. నుదురు చల్లగానే ఉంది. బియ్యపు గింజంత ఉన్న ఆ మచ్చ చెయ్యి పెరిగేకొద్దీ తనూ పెరిగి ఇప్పుడు చింతగింజంత అయింది. కాలం నా భయాన్ని కూడా మాన్పలేదు, వాడి వయసుకు తగినట్టు సాగదీసుకుంటూ వచ్చింది.