మేనేజరు ఒట్టు

కొత్త కారు తలుపు తీయగానే సీట్ల స్పాంజి, జిగురు కలిసిన వాసన గుప్పుమంటుంది. అందరికీ అది హోదా వాసన, నాకు మాత్రం మా నాయన చొక్కా వాసన. చిత్తూరు శివార్లలోని కార్ల కంపెనీలో ఆయన సీట్లు బిగించేవాడు. సాయంత్రం ఆయన సంచిలో తెచ్చే స్పాంజి ముక్కలకు పాత గుడ్డలు చుట్టి, వీధిలోని ఆడపిల్లలమంతా బంతులాట ఆడేవాళ్లం. ఆయుధపూజ నాడు కంపెనీ గేటు మా కోసం తెరిచేవాళ్లు. పసుపు కుంకుమ పెట్టిన యంత్రాల మధ్య తిరుగుతూ, బొరుగులు, బెల్లం, పుట్నాలు ఒడినిండా పోయించుకుని, మా నాయన పనిచేసే చోటు ఇదీ అని పక్కింటి పిల్లలకు గొప్పగా చూపించేదాన్ని.

ఒక ఏడాది మామిడికాయల కాలంలో కార్లు అమ్ముడుపోవడం ఆగిపోయింది. తయారైనవి కంపెనీ వెనక దుమ్ముపట్టి నిలబడ్డాయి. సగం మందిని తీసేస్తారని తెలిసి యూనియన్‌వాళ్లు సమ్మెకు దిగారు. నాయన కూడా చర్చలకు వెళ్లేవాడు. తిరిగొచ్చి సంగటిముద్ద కెలుకుతూ కూర్చునేవాడు.

"ఎవురి పనీ తియ్యనని రాసియ్యమంటే, మేనేజరు కాణిపాకంలో ప్రమాణమే సేస్తానంటుండాడు" అన్నాడొకరోజు.

"దేవుని ముందర ఒట్టేసినాక ఇంక కాగితమెందుకు?" అంది అమ్మ.

మా వైపు పొలం గట్టు తగాదాలు కూడా కాణిపాకం వినాయకుడి ముందు ప్రమాణంతో తీరిపోతాయి. మేనేజరుదీ మా జిల్లానే. తాను ఆ కుర్చీలో ఉన్నంతకాలం ఒక్కరినీ తీసేయనని, తడిబట్టలతో నిలబడి కర్పూరం ఆర్పి చెప్పాడు. మావాళ్లు కాగితం మాట వదిలేసి, టెంకాయ ముక్కలు పంచుకుని, సమ్మె విరమించి వచ్చారు.

ఆయుధపూజ రాకముందే ఆయన బదిలీ అయిపోయాడు. కొత్తగా వచ్చినవాడు ఏ దేవుడి ముందూ ఒట్టు వేయలేదు. అతను తీసేసినవాళ్లలో మా నాయన ఉన్నాడు. పండగ నాడు నాయన గేటు బయటే టెంకాయ కొట్టి వచ్చాడు. బొరుగులు తేలేదని నేను ఏడ్చాను.

"ఆయప్ప ఒట్టు తప్పలేదు గదా" అంటాడు నాయన ఇప్పటికీ, ఆ పాత మేనేజరు గురించి. ఆ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. అంత తెలివిగా మాట నిలబెట్టుకునేవాడికన్నా అబద్ధాలకోరు నయం.

ఇప్పుడు ఆ షెడ్లు లేవు, రాళ్లు పాతి ఇళ్ల ప్లాట్లు అమ్ముతున్నారు. మొన్న నేను కారు కొని, పూజ చేయించడానికి కాణిపాకం తీసుకెళ్లాను. గుడి దగ్గర అందరం దిగాం, నాయన దిగలేదు.

"మీరు పోయిరాండి. నేనీడే కూసోనుంటా."

ఒట్టు తప్పలేదనే మనిషి గుడిలోకి ఎందుకు రాడని నేను అడగలేదు. పూజ ముగించుకుని వచ్చేసరికి, సీటు కింద చెయ్యి పెట్టి బోల్టు బిగువు చూస్తున్నాడు.