లాంచింగ్‌కు ముందు నా గొంతు మూసిన దేవుడు

గొంతు పోయిన మనిషికి ఏడుపు కూడా సరిగా రాదని నాకు ఈమధ్యనే తెలిసింది, సహోదరులారా! కన్నీళ్లు వస్తాయి, గుండె ఎగసిపడుతుంది, నోరు తెరుస్తాం, కానీ లోపలినుంచి ఒట్టి గాలి తప్ప చప్పుడు రాదు. సిద్ధగోరా పేటలో మా వంటింట్లో పొయ్యి ముందు నిలబడి నేను అలా ఏడ్చిన రోజుల్లో, దేవుడు నన్ను విడిచిపెట్టేశాడనే అనుకున్నాను. ఆయన నన్ను విడిచిపెట్టలేదు, గట్టిగా పట్టుకుని ఉన్నాడు! ఆ సంగతి చెప్పడానికే ఈరోజు మీ అందరి ముందు నిలబడ్డాను.

నా పేరు సరోజిని. మన స్త్రీల కూడికలో పాట ఎత్తుకునేది నేనే, పెళ్లింట్లోనైనా చావింట్లోనైనా ప్రార్థన చేయమంటే ముందు నా వైపే చూసేవారు, అది ప్రభువు నాకిచ్చిన వరమని నేనూ మురిసిపోయేదాన్ని. మావారు రమణగారు ఇక్కడి ఉక్కు ప్లాంటులో కాంట్రాక్టు పని చేస్తారు. ఆయన విశ్వాసి కారు. ఆదివారం నన్ను స్కూటర్ మీద దింపి, ఆరాధన అయిందాకా గేటు బయట టీ బండి దగ్గర నిలబడతారు. మాట బహు తక్కువ మనిషి. "హా", "ఠీక్ హై" అనే రెండు మాటలతోనే సంసారమంతా నడుపుకొచ్చారంటే మీరు నవ్వుతారు గానీ అది నిజం.

ఒకసారి ఆన్‌లైన్ ప్రార్థనలో నా పాట విన్న ఒక మేడమ్ నాకు ఫోన్ చేసింది. తెలుగే మాట్లాడుతుంది, ఏ ఊరో మాత్రం ఎప్పుడూ చెప్పలేదు. కొత్తగా ఒక మెంబర్‌షిప్ ప్రోగ్రామ్ రాబోతోంది, ఇంట్లో కూర్చునే ఫోన్‌లో సంపాదించుకోవచ్చు, లాంచింగ్ లోపల మెంబర్లను తయారు చేసే మనిషి కావాలి, మీలాంటి గొంతు దేవుడు ఊరికే ఇవ్వడు అంది. అంతే! మా ఆడవాళ్లకు నాలుగు రాళ్లు వస్తాయి, ఒకరి ఇంట్లో పాచిపని చేసే బాధ తప్పుతుంది అని నా మనసు రెక్కలు కట్టుకుంది. ఆ రోజునుంచి మధ్యాహ్నం మూడింటికి ఫోన్‌లో మీటింగు. యాప్ ఎలా దించుకోవాలో, ఫోటో ఎలా పెట్టాలో, చుట్టాలకు ఫోన్ చేసి మొదట ఏం అడగాలో, వద్దన్నవాళ్లతో ఏం అనాలో మేడమ్ నాకు నేర్పేది, నేను మన కూడిక ఆడవాళ్లకు నేర్పేదాన్ని, ప్రార్థనతో మొదలుపెట్టి పాటతో ముగించేదాన్ని. అందులో మోసం ఉందని నాకు కలలో కూడా తోచలేదు.

మన పైడమ్మక్క మీకందరికీ తెలుసు, భర్త పోయాక టెల్కో కాలనీలో ఒకరింట్లో వంట చేసుకుని బతుకుతోంది. కంటి శుక్లం ఆపరేషన్ కోసం దాచుకున్న డబ్బు తీసి మెంబర్‌షిప్‌కు కడతానంది. "బాగా ఆలోచించుకో అక్కా" అన్నాను.

"నువ్వు సెప్పినావు కదా సరోజినీ, నువ్వు సెప్పినాక నానేటి ఆలోసిత్తాను?" అంది.

ఆ నమ్మకానికి నేను పొంగిపోయాను, సహోదరీలారా! భయపడవలసిన చోట పొంగిపోయాను.

ఇక లాంచింగ్ వారంలోకి వచ్చేసరికి ఒక ఉదయం లేచి చూస్తే నాకు గొంతు లేదు. జలుబు లేదు, జ్వరం లేదు, నోరు తెరిస్తే మాట లేదు. డాక్టరుగారు చూసి స్వరపేటిక వాచిందన్నారు, వాడి వాడి దాన్ని అరగదీసేశావమ్మా, ఇక నేను చెప్పిందాకా ఒక్క మాట వద్దు, గుసగుస కూడా వద్దు అన్నారు. నేను మోకాళ్లూని మనసులోనే మొత్తుకున్నాను. "ప్రభువా, నీ పాట పాడిన గొంతు ఇది, నీ బిడ్డలు బాగుపడే వేళ దీన్ని ఎందుకు మూశావు? లాంచింగ్ నాటికైనా తిరిగి ఇయ్యి తండ్రీ!" అని రోజూ అదే ప్రార్థన. జవాబు లేదు. సంఘం ఉపవాసముండి ప్రార్థించింది. అయినా గొంతు రాలేదు. నాకు ప్రభువు మీద కోపం కూడా వచ్చింది, దాచుకోవడం ఎందుకు!

లాంచింగ్ రోజు రానే వచ్చింది. సాయంత్రం ఆరింటికి డబ్బు కట్టే లింకు తెరుచుకుంటుందని, మూడింటికి ఆఖరి మీటింగు పెట్టారు. నేను మాట్లాడలేను కనుక మేడమే నడిపింది, నేను మంచం మీద కూర్చుని ఉత్తినే వింటున్నాను. అన్నాళ్లలో ఆ మీటింగులో మాట్లాడకుండా విన్నది అదే మొదటిసారి! అప్పుడు పైడమ్మక్క గొంతు వినబడింది.

"మేడమ్, మా సరోజినికి ఒంట్లో ఎలాగుంది? ఆవిడ ఓ మాట సెప్తే కట్టేత్తాను."

మేడమ్ ఒక్క క్షణం కూడా తడుముకోలేదు. "సరోజినిగారు నిన్ననే కట్టేశారమ్మా. ఆవిడకు సంపాదన మొదలైపోయింది కూడా! మీ అందర్నీ వెంటనే కట్టమని ఆవిడే నాతో చెప్పారు" అంది.

సహోదరులారా, నేను కట్టలేదు! నాకు రూపాయి రాలేదు! ఇంకా మొదలే కాని ప్రోగ్రామ్‌లో సంపాదన ఎక్కడినుంచి వస్తుంది? నేను బతికుండగా, వింటుండగా, నా పేరు మీద అబద్ధం! నోరు తెరిచి "అబద్ధం!" అని అరిచాను, గాలి వచ్చింది. మళ్లీ అరిచాను, మళ్లీ గాలే వచ్చింది. చేత్తో టైపు చేయబోతే మెసేజీలు మూసేసి ఉన్నాయి, రెండు నిమిషాల్లో నన్ను మీటింగులోంచే తీసేశారు. ఆ రోజు నాలో ఏదో తెగిపోయింది, ఇన్నాళ్లు నేను ఎవరి మాట మోశానో ఆ క్షణాన కళ్లకు కట్టింది.

మావారు పొద్దుటి షిఫ్టు దిగి భోంచేసి పడుకున్నారు. నేను వెళ్లి భుజం పట్టి ఊపేశాను.

"ఏటి? ఏటయింది? ఏల ఏడుత్తన్నావు?" అంటూ లేచి కూర్చున్నారు.

ఆయన ఈ హిందీ ఊళ్లోనే, హిందీ బడిలో చదివారు, తెలుగు చదవలేరు. నాకా హిందీ రాయడం అంతంత మాత్రం. ఫోన్‌లో వంకరటింకరగా హిందీ అక్షరాలు కొట్టి చూపించాను. ఆయన కూడబలుక్కుని చదివారు.

"ఝూఠ్... మేడమ్ ఝూఠ్... పైడమ్మ పైసా..." అని నా మొహంలోకి చూశారు. "ఆ మేడమ్ అబద్దం ఆడిందా? పైడమ్మక్క డబ్బు కట్టేత్తదా?"

తల ఊపాను. ఆయన వెంటనే అక్కకు ఫోన్ చేశారు, ఎత్తలేదు. సోనారిలో ఉండే మన కూడిక డైసీకి చేశారు, మగ గొంతు వినగానే ఎవరో అనుకుని కట్ చేసేసింది, నేను పెట్టిన మెసేజీ కూడా చూడలేదు! ఆయన చొక్కా తొడుక్కుని స్కూటర్ తాళం తీశారు.

టెల్కో కాలనీలో పైడమ్మక్క పనిచేసే ఇంటి వెనక గుమ్మం దగ్గర ఆగాం. అక్క చేతులు తుడుచుకుంటూ వచ్చింది. నేను ఆమె రెండు చేతులూ పట్టుకుని తల అడ్డంగా ఊపుతున్నాను, ఆమెకు ఏమీ అర్థం కాక బెదిరిపోయింది. అప్పుడు నా వెనకనుంచి మావారు మాట్లాడారు.

"పైడమ్మక్కా, డబ్బు కట్టకండి. ఆ మేడమ్ సెప్పింది అంతా ఝూఠ్. మా ఇంటిది కట్టలేదు, మా ఇంటికి ఒక్క పైసా రాలేదు. ఆ డబ్బు మీ కంటికి దాసుకోండి."

అక్క ఆయన వైపు తిరిగింది. "ఓలమ్మో! రమణ ఇన్ని మాటలాడినాడేటి!" అంది. ఆ తరవాత నన్ను కౌగిలించుకుని భోరున ఏడ్చింది.

అక్కడినుంచి ఊరికి ఆ చివర సోనారి. డైసీ ఇంట్లో మన కూడిక ఆడవాళ్లు చాలామంది చేరి ఉన్నారు, లాంచింగ్ వేళకు కేకు కోయమని మేడమ్ చెప్పిందట, తెచ్చి బల్ల మీద పెట్టుకున్నారు. మావారు చెప్పులు విప్పి గుమ్మం దగ్గరే నిలబడి అదే మాట చెప్పారు. డైసీకి కోపం వచ్చింది.

"అన్నయ్యా, మీకేం తెలుసు? మీరు విశ్వాసి కూడా కాదు కదా!" అంది.

ఆయన మాత్రం నెమ్మదిగా అన్నారు, "అవునమ్మా, నాను విశ్వాసిని కాను. కానీ గొంతు ఉన్నప్పుడు మా ఇంటిది మోకాళ్ల మీద కూకుని మీ పేర్లు ఒక్కొక్కటీ సెప్పి ఏడవడం రోజూ సూసినాను. మీ సెడు కోరే మనిషి అలాగ ఏడుత్తదేటి? ఇయాల ఇది మాటాడలేక నన్ను తెచ్చింది. ఇనండి."

డైసీ నా మొహంలోకి చూసింది, చూసి కుర్చీలో కూలబడి కళ్లు తుడుచుకుంది. ఆరు దాటింది. ఎవరూ కట్టలేదు! ఇంత కేకు ఏం చేస్తామని డైసీయే కోసి, మొదటి ముక్క మావారి చేతిలో పెట్టింది. ఆ కేకు తింటుంటే మా అందరికీ ఎందుకో నవ్వు ఆగలేదు, నేను కూడా చప్పుడు లేకుండా నవ్వాను, ఎన్ని రోజుల బరువో నా గుండె మీదనుంచి దిగిపోయింది. దేవునికే మహిమ!

తరవాత లాంచింగ్ రేపన్నారు, వచ్చే వారమన్నారు, కొన్నాళ్లకు ఆ గ్రూపూ లేదు, మేడమ్ నంబరూ లేదు. ఇతర ఊళ్లలో కట్టినవాళ్లు ఉన్నారని విన్నాం. వారి కోసం మన కూడికలో ప్రార్థిస్తున్నాం, మీరూ ప్రార్థించండి.

నా గొంతు సంగతా? డాక్టరుగారు చెప్పినట్టే నోరు మూసుకుని ఉన్నాను, సంఘం ప్రార్థిస్తూనే ఉంది. మొదటి మాటగా "స్తోత్రం" వచ్చిందని చెప్పాలని నాకూ ఆశే, కానీ దేవుని సన్నిధిలో అబద్ధమెందుకు? పొయ్యి మీద పాలు పొంగుతుంటే "అయ్యో పాలు!" అన్నాను! అని, నా గొంతు నేనే విని, ఆ పాలు పొంగుతుండగానే నేల మీద సాగిలపడ్డాను. పైడమ్మక్కకు ఆపరేషన్ అయింది. ఇదిగో, మూడో వరసలో కూర్చుని నన్ను చూసి నవ్వుతోంది. మావారు ఇంకా ప్రభువును ఎరగలేదు, నేను తొందరపెట్టను. ఆరోజు దేవుడు తన మాట ఎవరి నోట పెట్టాడో నాకు తెలుసు, అది చాలు.

నేను అడిగిన వేళకే ఆయన గొంతు ఇచ్చి ఉంటే ఏమై ఉండేది, సహోదరులారా? నా నోటితోనే, ఆ తియ్యటి పాటతోనే, అక్క కంటివెలుగును ఆ మోసగత్తె చేతిలో పెట్టించేదాన్ని! తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది, ఆ వెంటనే చల్లటి నీళ్లు తాగినట్టు ప్రాణం తేలికపడుతుంది. మీలో ఎవరి ప్రార్థనకైనా జవాబు రాలేదా? అడిగిన తలుపు మూసే ఉందా? ఆయన మీద కోపమొస్తే కోపంగానే మోకరించండి, లేచి మాత్రం వెళ్లిపోకండి. ఆయన ఇచ్చేటప్పుడూ తండ్రే, ఇవ్వనప్పుడూ తండ్రే! ఇన్నాళ్లు నా కోసం ఉపవాసమున్న మీ అందరికీ నా వందనాలు. ఈ గొంతు ఇప్పుడు కాస్త బొంగురుగా ఉంది, పై స్థాయి అందదు. అందినంత వరకూ పాడతాను, మిగతాది మీరు అందుకోండి.